గోవాలో ఇల్లు బుక్ చేసే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి బిడ్డకు, హన్మకొండ నుంచి మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

దసరా మరునాడు మీ అమ్మను, అమ్మమ్మను, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొని గోవాకు బయలుదేరుతున్నావని, హోటలు గదులకు బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంటును అయిదు రోజులకు ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకోబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే నా మనసు నిండిపోయింది. నర్సంపేట దగ్గరి పల్లెలో పుట్టిన మా అమ్మకు ఇప్పటికీ నీళ్లంటే పాకాల చెరువే. సముద్రం మాట వచ్చినప్పుడల్లా "పాకాల కన్న ఎంత పెద్దగుంటది?" అని అడుగుతుంది. మా నాయన ఉన్నన్నాళ్లూ వేములవాడ, కాళేశ్వరం, ఒకసారి తిరుపతి తప్ప ఆమె మరే యాత్రా ఎరుగదు. ఆమెకు సముద్రం చూపించాలన్న ఆలోచన మనవరాలివైన నీకు కలిగినందుకు నాకెంతో గర్వంగా ఉంది.

ఆ సంతోషం వెనుకనే దిగులు కూడా పట్టుకుంది. యాప్‌ల సంగతి నాకంటే నీకే బాగా తెలుసునన్న మాట నిజమే. అయితే డబ్బు పోగొట్టుకొని బ్యాంకు కౌంటరు ముందు నిలబడ్డవాళ్లను ఉద్యోగ జీవితమంతా చూసినదాన్ని నేను. వాళ్లలో చదువు రానివాళ్ల కంటే తొందరలో ఉన్నవాళ్లే ఎక్కువ. పండుగ సెలవులు దగ్గరపడి, "ఈ తేదీలకు ఇక ఒక్కటే మిగిలింది" అని తెర మీద కనబడితే ఎవరికైనా తొందర పుడుతుంది. మోసగాళ్లు కాచుకొని కూర్చునేది ఆ తొందర కోసమే. కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లు, చార్‌ధామ్ యాత్రికుల వసతి వంటి పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి యాత్రికులను దోచుకుంటున్నారని కేంద్ర హోంశాఖలోని సైబర్ నేర సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా హెచ్చరించవలసి వచ్చింది. దేవుడి పేరు చెప్పి దోచుకునేవాళ్లకు సముద్రం ఒడ్డున ఇల్లు చూపించడం పెద్ద పని కాదు.

కరోనాకు ముందటి వేసవిలో మీ మేనమామ ఊటీకి వెళ్లి ఇబ్బంది పడ్డాడన్న సంగతి నీకు సగమే తెలుసు. అప్పుడు నువ్వు రెండో కాన్పుకు పుట్టింట్లో ఉన్నావు కనుక మిగతా సగం నీ చెవిన వేయలేదు. ఇప్పుడు చెప్పక తప్పదు.

మేనమామ మొదట అన్నీ సరిగానే చేశాడు. పేరున్న సైటులోనే వెదికి, తేయాకు తోటల వైపు బాల్కనీ ఉన్న మూడు పడకగదుల ఇల్లు ఎంచుకొని బుక్ చేసుకున్నాడు. మరునాడు ఇంటి యజమానినంటూ ఒకతను సైటులోనే సందేశం పంపి, వాట్సాప్ నంబరు ఇచ్చాడు. సైటుకు పోయే కమీషన్ ఇద్దరికీ నష్టమేనని, ఆ బుకింగ్ రద్దు చేసుకొని తనకు నేరుగా పంపితే అద్దె బాగా తగ్గిస్తానని చెప్పాడు. ఫోన్‌లో ఎంతో మర్యాదగా మాట్లాడాడట. పిల్లల వయసు అడిగాడు, రాత్రి పూట వస్తారు కనుక పాలు తెప్పించి పెడతానన్నాడు, అడగకుండానే ఒక ఆధార్ కార్డు ఫొటో కూడా పంపాడు. జీవితంలో ఒక్క రూపాయి లెక్క తప్పని మీ మేనమామ ఆ మర్యాదను నమ్మి, సైటులో బుకింగ్ రద్దు చేసి, అయిదు రోజుల అద్దె మొత్తం ఫోన్ నుంచి పంపేశాడు. కోయంబత్తూరులో వ్యాను మాట్లాడుకొని, అత్తమామలతో, పిల్లలతో కొండెక్కి, రాత్రి పది దాటాక ఆ చిరునామాకు చేరుకున్నారు. ఆ ఫ్లాటులో ఏళ్ల తరబడి ఒక కుటుంబం కాపురముంటున్నదని, దానిని ఎవరికీ అద్దెకివ్వరని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. యజమాని ఫోన్ అప్పటికే స్విచాఫ్. ఊటీలో మే నెలలో కూడా రాత్రి పూట చలి తక్కువేమీ కాదు. సీజను కావడంతో ఏ లాడ్జిలోనూ గది దొరకలేదు. తెల్లవారే దాకా అందరూ వ్యానులోనే కూర్చున్నారు.

ఇందులో ఎక్కడ తప్పు జరిగిందో నువ్వు జాగ్రత్తగా గమనించాలి. సైటు ద్వారా ముందుగా కట్టిన డబ్బు మంచి సైట్లలో వెంటనే యజమాని చేతికి పోదు. ఎయిర్‌బీఎన్‌బీ వంటి అద్దె ఇళ్ల వేదిక, అతిథి ఇంట్లో దిగవలసిన సమయం గడిచిన సుమారు 24 గంటల తరువాతనే యజమానికి డబ్బు విడుదల చేస్తుంది. తలుపు తెరుచుకోకపోయినా, చూపిన ఇల్లు ఒకటి, ఇచ్చిన ఇల్లు ఒకటి అయినా, డబ్బు ఇంకా మధ్యవర్తి దగ్గరే ఉన్నది కనుక నీ మాటకు బలముంటుంది. మీ మేనమామ కాస్త తగ్గింపు కోసం ఆ రక్షణను వదులుకున్నాడు. తరువాత సైటువాళ్లను అడిగితే, బుకింగ్ రద్దయింది, చెల్లింపు మా ద్వారా జరగలేదు అన్నారు. బ్యాంకువాళ్లు, మీరే పిన్ నొక్కి పంపారు అన్నారు. వాడు సిగ్గుపడి నాకు మూడో రోజున గాని చెప్పలేదు. అప్పటికి ఆ ఖాతాలో ఏమీ మిగలలేదు. నేను వాడిని ఒక్క మాట కూడా అనలేదు, బిడ్డా. తమ్ముడు ఫోన్‌లో ఏడ్వడం నేను వినడం అదే మొదటిసారి. ఆనాటి నుంచి వాడు ఇంటివాళ్లను ఎక్కడికీ తీసుకుపోలేదు. పోయిన డబ్బు కంటే నన్ను బాధపెట్టేది అది.

కాబట్టి మాటలు గాని, డబ్బు గాని సైటు గడప దాటకూడదు. వాట్సాప్‌కు రమ్మన్నా, బ్యాంకు ఖాతాకు పంపమన్నా, క్యూఆర్ కోడ్ పంపినా, ఆ ఇంటిని అక్కడే వదిలెయ్యి. బుక్ చేసిన తరువాత అదే చాట్‌లో "కార్డు వివరాలు మళ్లీ ధ్రువీకరించండి, లేకుంటే రద్దవుతుంది" అని లింకు వచ్చినా నొక్కవద్దు. నిజమైన యజమానుల ఖాతాలను దొంగిలించి, వాటి నుంచే ఇటువంటి సందేశాలు పంపడం కూడా జరుగుతున్నది. డబ్బు వాపసు రావడానికి యూపీఐ పిన్ ఎన్నడూ అవసరం లేదు. ఒకవేళ పొరపాటు జరిగితే ఆ నిమిషమే సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. మీ మేనమామ కాలంలో ఆ నంబరు లేదు. వెంటనే చెబితే డబ్బు చేతులు మారకముందే ఖాతాలో ఆపించే వీలుంటుంది. నాకు చెప్పడానికి సిగ్గుపడవద్దు. ముందు 1930కి చెప్పు, తరువాత నాకు చెప్పు.

ఇల్లు ఎంచుకోవడం గురించి నీకు పెద్దగా చెప్పనక్కరలేదు. ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వెదికి, అవే ఫొటోలు మరో ఊరి ఇంటి పేరుతో ఉన్నాయేమో చూడు. ఇటీవలి రివ్యూలు, అందులోనూ అసంతృప్తితో రాసినవి, ముందు చదువు. శుభ్రం చేసే రుసుము, పన్ను కలిపిన మొత్తాన్నే హోటలు ధరతో పోల్చు. రద్దు షరతు చదవకుండా డబ్బు కట్టవద్దు. మా అమ్మకు ఎప్పుడు జ్వరం వస్తుందో తెలియదు కనుక, దిగవలసిన సమయానికి ఒక రోజు ముందు వరకు పూర్తి డబ్బు వాపసిచ్చే ఇల్లయితే కొంత ధర ఎక్కువైనా నాకు సమ్మతమే.

మా అమ్మ మోకాళ్ల సంగతి మాత్రం మరువవద్దు. ఇల్లు ఎన్నో అంతస్తు, లిఫ్టు పనిచేస్తున్నదా, బాత్‌రూమ్‌లో జారని నేల ఉన్నదా అన్నవి సైటు చాట్‌లోనే అడిగి, రాతలో జవాబు తీసుకో. రేపు లిఫ్టు లేదని తేలితే ఆ రాతే నీ సాక్ష్యం. ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది గ్యాస్ గీజరు. అమ్మ తలుపు గడియ పెట్టుకొని చాలాసేపు వేడినీళ్లు పోసుకుంటుంది. గాలి ఆడని బాత్‌రూమ్‌లో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు గాని, వాసన గాని ఉండదు. తల తిరుగుతున్నదని తెలిసేలోపే మనిషి పడిపోతుంది. అందుకని కరెంటు గీజరు ఉన్న ఇల్లే తీసుకో. తప్పనిసరై గ్యాస్ గీజరు ఉన్న ఇల్లు దొరికితే, నీళ్లు బకెట్లలోకి పట్టి, గీజరు ఆపి, కిటికీ తెరిచి ఉంచిన తరువాతనే అమ్మను లోపలికి పంపు. గడియ పెట్టనివ్వకు, ఎంత కోప్పడినా సరే.

ఆ ఇంటికి గోవా పర్యాటక శాఖ నమోదు ఉన్నదా అని కూడా అడుగు. 1982 నాటి గోవా పర్యాటక వ్యాపార నమోదు చట్టం ప్రకారం పర్యాటకులకు అద్దెకిచ్చేవాళ్లు నమోదు చేసుకోవాలి. నమోదు లేని ఇంటిని ఇరుగుపొరుగువారో, హౌసింగ్ సొసైటీవారో అభ్యంతరపెడితే గేటు బయట నిలబడవలసింది అతిథులే. ఇది మన దేశంలోని ఇబ్బంది మాత్రమే కాదు. న్యూయార్క్ నగరంలో 2023 సెప్టెంబరు నుంచి 30 రోజుల లోపు అద్దెలకు నమోదు తప్పనిసరి చేసి, అతిథులున్నంత కాలం యజమాని కూడా ఆ ఇంట్లోనే ఉండాలన్న నియమాన్ని గట్టిగా అమలు చేస్తున్నారు.

గుర్తింపు కోసం ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వు. ఇంట్లో అడుగుపెట్టాక పడకగదుల్లో, బాత్‌రూమ్‌లో పొగ అలారాలు, గడియారాలు, ఛార్జర్లలో రహస్య కెమెరా ఉన్నదేమో ఒకసారి పరిశీలించు. ఇంటి లోపల కెమెరాలు, ముందుగా చెప్పి పెట్టినవైనా సరే, ఉండరాదని ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి నియమం పెట్టింది. ఏకాంతంలో ఉన్న స్త్రీల చిత్రాలు రహస్యంగా తీయడం మన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. కెమెరా కనబడితే దేనినీ ముట్టుకోకుండా ఫొటో తీసి, అందరినీ బయటికి తీసుకువచ్చి, పోలీసులకు చెప్పు.

పగటి వెలుగులో చేరేటట్లు టికెట్లు తీసుకో. సామాను విప్పకముందే ఇల్లంతా ఒక వీడియో తీస్తే, తరువాత ఏదో పగలగొట్టారని డబ్బు అడిగినప్పుడు పనికి వస్తుంది. లోపం కనబడితే ఆ రోజే సైటుకు రాతలో తెలియజెయ్యి. ఫిర్యాదుకు ఎయిర్‌బీఎన్‌బీలో 72 గంటల గడువు ఉన్నదని ఊరుకోవద్దు.

నచ్చిన రెండు మూడు ఇళ్ల లింకులు డబ్బు కట్టకముందు నాకు పంపు. రివ్యూలన్నీ నేను కూర్చొని చదువుతాను, నాకు తీరిక ఉన్నది. మీ మేనమామకు కూడా పంపు. వీలైతే అతని కుటుంబాన్ని కూడా మీతో రమ్మని నువ్వే అడుగు. నేనడిగితే రాడు, మేనకోడలు అడిగితే కాదనలేడు. వాళ్లు వస్తే నాలుగు పడకగదుల ఇల్లు చూడవలసి ఉంటుంది కనుక, ఈ ఆదివారంలోగా అడుగు.

ఇట్లు,
మీ పెద్దమ్మ
హన్మకొండ