ఫార్మలిన్ సీసా చేతికందేలా ఉంచుకో

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "దానికి చెన్నైలో పీహెచ్‌డీ సీటొచ్చిందక్కా" అని గబగబా చెప్పాడు. దేని మీద అంటే "గర్భ..." అని ఆగిపోయాడు. మిగతాది నేనే చెప్పాను. గర్భాశయం లోపలి పొరలో కణాలు ఎప్పుడు చావాలో నిర్ణయించేదేమిటన్నది నేనూ ఏళ్ల తరబడి ల్యాబులో వెతికిన సంగతే. సంతోషంతో, భయంతో నిద్ర పట్టలేదు.

పాఠం నీకు తెలుసు. నెలసరి చక్రం మొదటి సగంలో గ్రంథి కణాల్లో బీసీఎల్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండి చావును ఆపుతుంది. అండం విడుదలయ్యాక అది తగ్గుతుంది, కణాన్ని చావు వైపు నెట్టే బాక్స్ ప్రోటీన్‌ది పైచేయి అవుతుంది. గర్భం నిలవకపోతే ప్రొజెస్టెరాన్ హార్మోన్ పడిపోయి పై పొర రాలిపోతుంది, అడుగు పొర నిలుస్తుంది. ఈ పొరలో కణాల చావు మీద 1976లో హాప్‌వుడ్, లెవిసన్ రాసిన పేపరు ముందు చదువు. నెలసరి వచ్చిన ఆ మూడు రోజులూ మా అమ్మ నన్ను వసారాలో చాప మీద కూర్చోబెట్టేది. ఆ పొర అంత పద్ధతిగా విడిపోవడం మైక్రోస్కోపులో చూసిన రోజు ఆ చాప గుర్తొచ్చి ఏడ్చేశాను.

ఇక నా తప్పు విను. 1998, నవంబరు వాన. ఓపీ నుంచి ఒకామె బయాప్సీ ముక్క సెలైన్‌లో వచ్చింది, నెలసరి పదో రోజుది. ముక్క చెడిపోకుండా నిలిపే ఫార్మలిన్ బల్ల మీద అయిపోయింది. స్టోరు దాకా తడుస్తూ పోవాలి, ఆకలేస్తోంది. తినొచ్చాక చూద్దామనుకున్నాను. మాటల్లో పడి రెండున్నర గంటలైంది. వారం తర్వాత, చస్తున్న కణాలకు రంగు పట్టించే టనెల్ పరీక్ష చేస్తే స్లైడంతా గోధుమరంగు! పదో రోజున ఇన్ని చావులా? కొత్త విషయం దొరికిందని సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన కణాల ఆకారం కనిపించేలా మామూలు రంగులద్దిన హెచ్ అండ్ ఈ స్లైడు అడిగి, చాలాసేపు చూశారు. కణాలు పద్ధతిగా చచ్చేవాటిలా ముడుచుకుని ముక్కలు కాలేదు, ఉబ్బి పగిలాయి. "ఎంతసేపు బయట ఉందమ్మా?" అన్నారు. అంతే. టనెల్ తెగిన డీఎన్‌ఏను చూపిస్తుంది గానీ, ఎందుకు తెగిందో చెప్పదు. ఆ కణాలు ఆమె ఒంట్లో చావలేదు, నా బల్ల మీద చచ్చాయి.

పిల్లలు పుట్టడం లేదని ఆమె గుమ్మిడిపూండి నుంచి బస్సులో వచ్చేది. బయాప్సీకి పళ్లు బిగించి ఓర్చుకుంది. మళ్లీ ఇవ్వమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత ఓపీలో కనబడితే పక్కకు తప్పుకునేదాన్ని. అదింకా నొప్పిగానే ఉంది.

అందుకే సీసాలు ముందే నింపి ఓపీకే పంపు. తీసిన టైమూ, ఫార్మలిన్‌లో పడ్డ టైమూ రెండూ రాయి. బద్ధకించావంటే నేనే ల్యాబుకొచ్చి తిడతాను. నెలసరి తేదీ ఫైల్లోంచి ఎత్తి రాయకు, పక్కన కూర్చుని పేషెంటునే అడుగు. అదే రోజు రక్తంలో ప్రొజెస్టెరాన్ కూడా చూడు. పేషెంట్లతో మాట్లాడడానికి తమిళం కావాలి, నేర్చుకోవడం మొదలుపెట్టు. గ్లోవ్స్ మరవకు. శాంపిల్ ఫార్మలిన్‌లో పడ్డాక మాత్రం, ఎంత పనున్నా వెళ్లి అన్నం తిను తల్లీ.

నా పాత నోటుబుక్కులు దుమ్ము దులిపి పెట్టాను. నెల్లూరులో రైలెక్కగానే ఫోన్ చెయ్యి, మామయ్య సెంట్రల్‌కి వస్తాడు.

మీ అత్త
పెరంబూరు