పగలు తీసిన రక్తంలో కనిపించకపోతే ఫైలేరియా లేనట్టేనా?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. అమలాపురం దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. ఏడాదిలో మూడుసార్లు చలిజ్వరం వచ్చి, ఎడమ గజ్జలో బిళ్ల కట్టి, కాలు వాచింది. ఈసారి వాపు పూర్తిగా దిగలేదు. ల్యాబ్‌లో పొద్దున 11 గంటలకు రక్తం తీసి, ఫైలేరియా నెగిటివ్ అన్నారు. ఆ రిపోర్టు నమ్మి ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోవద్దండీ. ల్యాబ్ వాళ్లు చూసింది చూసినట్టే రాసి ఉంటారు. కానీ రక్తం తీసిన వేళ సరైంది కాదు. మన దగ్గర ఉండే ఫైలేరియా పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండిపోయి, దోమలు కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య బాగా దొరుకుతాయి. నా చదువు రోజుల్లో రాత్రిపూట రక్తం తీసే సిబ్బందితో కలిసి టార్చిలైటు వేసుకుని ఇంటింటికీ తిరిగాను. నిద్రలోంచి లేచి వేలు చాపిన ఒక పెద్దావిడ, "అదేదో పగలొచ్చి తీసుకోవచ్చు కదండీ" అంది. ఆమెకు చెప్పిన కారణమే ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

జబ్బున్న వందమందిలో ఎంతమందిని పరీక్ష పట్టుకుంటుందో దాన్ని సెన్సిటివిటీ అంటాం. రక్తం ఎప్పుడు తీశారు, ఎంత తీశారు అన్నదాన్నిబట్టి అది మారిపోతుంది. వేలు పొడిచి స్లైడు మీద పూసేది సుమారు 20 మైక్రోలీటర్లు, అంటే చిన్న చుక్క. మీ రక్తంలో మిల్లీలీటరుకు 50 పురుగు పిల్లలున్నాయనుకోండి, ఆ చుక్కలోకి వచ్చేది సగటున ఒక్కటి. ఒకసారి రెండు పడొచ్చు, ఇంకోసారి ఒక్కటీ పడకపోవచ్చు. అంటే రాత్రి పద్ధతిగా తీసినా, మూడు స్లైడుల్లో దాదాపు ఒకటి ఖాళీగానే ఉంటుంది.

రాత్రి స్లైడుతో పాటు యాంటిజెన్ స్ట్రిప్ పరీక్ష కూడా చేయించండి. అది పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని పట్టుకుంటుంది కాబట్టి పగలైనా ఫర్వాలేదు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. వాపు నిలిచిపోయిన చాలామందిలో పురుగులు అప్పటికే చచ్చిపోయి, రెండు పరీక్షలూ నెగిటివ్ వస్తాయి. అవి పాడుచేసిన లింఫు నాళాలు, అంటే ఒంట్లో చేరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే సన్నటి గొట్టాలు, మాత్రం బాగుపడవు. అలాంటప్పుడు డాక్టరు కాలు చూసే నిర్ణయిస్తారు.

రిపోర్టు ఏదొచ్చినా కాలిని ఈ రోజు నుంచే చూసుకోండి. చేలోంచి రాగానే సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో పొడిగా అద్దండి. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని చిట్లిందేమో వెలుతురులో చూడండి. చాలాసార్లు సూక్ష్మజీవులు లోపలికి వెళ్లేదీ, చలిజ్వరం తెచ్చేదీ అక్కడినుంచే. అలా ఉంటే పూతమందు రాయించుకోండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకోండి. జ్వరం మీదుండగా ఫైలేరియా మాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

ఎప్పుడైనా జ్వరం లేకుండా కాలు ఒక్కసారిగా వాచి, పిక్క నొప్పి పుడితే దాన్ని ఫైలేరియా ఖాతాలో వేయకండి. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి డాప్లర్ స్కాన్ చేయించుకోండి.