పాఠకుల ప్రశ్నలు: నడుముకు పిస్టల్, దానికి తగ్గ హోల్‌స్టర్ (ఒర)

ఈసారి ప్రశ్నలు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చాయి, ఒకటి అనంతపురం నుంచి. చట్టం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కనుక, ఎవరికి చెప్పిన నిబంధన వాళ్ల ఊరికే వర్తిస్తుందని గమనించండి.

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్): నేను అమెరికా పౌరుణ్ణి. గ్యాస్ స్టేషన్ కట్టేసి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. మొదటిసారి పిస్టల్ కొంటున్నాను. దుకాణంలో జేబులో పట్టే రూగర్ ఎల్‌సీపీ చూపించారు. స్నేహితులేమో గ్లాక్ 19 తీసుకోమంటున్నారు. ఏది మేలు?

జవాబు: మొదటి పిస్టల్‌గా ఎల్‌సీపీ వద్దు. అది చెడ్డది కాదు, కానీ బాగా చేయి తిరిగినవాళ్లకు పనికొచ్చేది. సుమారు 270 గ్రాముల బరువు, 2.75 అంగుళాల బ్యారెల్ (గొట్టం), చిటికెన వేలికి చోటులేని పొట్టి పిడి. బరువు తక్కువైన కొద్దీ తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ. ఒక పెట్టె తూటాలు కాల్చేసరికి చెయ్యి నొప్పెడుతుంది, నొప్పెట్టేదాన్ని ఎవరూ సాధన చెయ్యరు. సాధన లేని పిస్టల్ నడుముకు ఉన్నా లేనట్టే.

గ్లాక్ 19 బరువు ఖాళీ మ్యాగజైన్‌తో (తూటాలు నింపే పెట్టె) కలిపి దాదాపు 670 గ్రాములు, బ్యారెల్ 4 అంగుళాలు, మ్యాగజైన్‌లో 15 రౌండ్లు (తూటాలు). కాల్చడానికి హాయిగా ఉంటుంది. ఇబ్బందల్లా పిడి పొడవే. టెక్సస్ ఎండల్లో పల్చటి టీషర్టు కింద పైకి పొడుచుకు కనిపించేది బ్యారెల్ కాదు, పిడి చివర. మధ్యేమార్గంగా సిగ్ పి365 లాంటివి చూడండి. 3.1 అంగుళాల బ్యారెల్, 10 రౌండ్లు, అర కిలో బరువు.

అయితే పేరు చూసి డబ్బు కట్టొద్దు. రేంజిలో (కాల్పులు సాధన చేసే చోటు) అద్దెకు తీసుకుని ఒక్కోదానితో కనీసం 50 రౌండ్లు కాల్చండి. ముందు పట్టు చూసుకోండి: బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న చర్మం పిడి వెనక సరిగ్గా నడిమధ్యకు రావాలి, అలా పట్టుకున్నప్పుడే చూపుడు వేలి మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. వేలు అందక చెయ్యి పక్కకు తిప్పాల్సి వస్తే ఆ పిస్టల్ మీ చేతిది కాదు. కుడిచేతివాళ్ల గుండ్లు కిందికీ ఎడమకూ పోతున్నాయంటే చాలాసార్లు కారణం గురి కాదు, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు మిగతా వేళ్లు కూడా బిగుసుకోవడం. మణికట్టు వదులైతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ కదిలే భాగం) పూర్తిగా వెనక్కి వెళ్లక తూటా ఇరుక్కుంటుంది. తేలికపాటి పిస్టళ్లలో ఈ బెడద మరీ ఎక్కువ.

తూటా 9 మిల్లీమీటర్లదే తీసుకోండి. ఎఫ్‌బీఐ పరీక్షల్లో కోరేది మనిషి కండను పోలిన జెల్‌లో 12 నుంచి 18 అంగుళాల లోతు. మంచి 9 ఎంఎం హాలో పాయింట్ (ముక్కున గుంట ఉన్న) తూటాలు దాన్ని అందుకుంటాయి. అంతకంటే పెద్ద తూటాతో వెనక్కి తన్నే దెబ్బ, ఖర్చు రెండూ పెరుగుతాయి.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, చట్టపరమైన అడ్డంకులేవీ లేని 21 ఏళ్లు నిండినవాళ్లకు లైసెన్సు తప్పనిసరి కాదు. అయినా తీసుకోమనే చెబుతాం. బడికి 1000 అడుగుల లోపు తుపాకీతో వెళ్లడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఆ రాష్ట్రమిచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు. ఊళ్లో కారు నడుపుతూ ఎన్ని బడులు దాటుతామో ఆలోచించండి. ‘51 శాతం’ అని ఎర్రక్షరాల బోర్డున్న బారులోకి మాత్రం లైసెన్సున్నా తీసుకెళ్లకూడదు.

ప్రశ్న (షార్లట్, నార్త్ కరోలినా): పిస్టల్‌కు ఆరొందల డాలర్లు పెట్టాను. హోల్‌స్టర్ 20 డాలర్ల గుడ్డది ఉంది, అన్ని పిస్టళ్లకూ సరిపోతుందన్నారు. చాలదా?

జవాబు: చాలదు. అన్నిటికీ సరిపోయే హోల్‌స్టర్ దేనికీ సరిపోదు. దాన్ని పక్కన పెట్టండి.

పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో తిరిగి పెట్టేటప్పుడు పొరపాటున పేలే ప్రమాదముంది. మెత్తటి గుడ్డ మూతి ముడుచుకుపోతుంది, లేదా పాత తోలు వాడివాడి లోపలికి మడత పడుతుంది. ఆ మడత ట్రిగ్గర్ గార్డులోకి (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) దూరుతుంది. మీరు పిస్టల్‌ను కిందికి నెడతారు, మడత ట్రిగ్గర్‌ను నొక్కుతుంది. చొక్కా అంచు, జాకెట్ తాడు చివరి బిళ్ల కూడా ఇదే పని చేస్తాయి. అందుకే మీ మోడల్‌కే అచ్చు పోసిన కైడెక్స్‌ది (గట్టి ప్లాస్టిక్) గానీ, మూతి దగ్గర గట్టి పట్టీ కుట్టిన మందపాటి తోలుది గానీ కొనండి. పిస్టల్‌కు లైటు బిగిస్తే, ఆ లైటుతో సహా సరిపోయే హోల్‌స్టర్ వేరేగా కొనాలి.

కొత్తది రాగానే ఇంట్లో పరీక్షించండి. మొదట మ్యాగజైన్ తీయండి, తర్వాతే స్లైడ్ మూడుసార్లు లాగండి. ఈ వరస తారుమారైతే ఛాంబర్‌లోకి (తూటా పేలే గది) ఇంకో తూటా ఎక్కి కూచుంటుంది. ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, తూటాలను వేరే గదిలో పెట్టి రండి. ఇప్పుడు పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెట్టి, ట్రిగ్గర్ ఉన్నచోట బయటి నుంచి వేలితో గట్టిగా నొక్కండి. ట్రిగ్గర్ కదిలినా, ఏ పక్క నుంచైనా కనిపించినా వాపసు చేసెయ్యండి. తలకిందులు చేసి పరుపు మీద ఊపితే జారిపోకూడదు. పిస్టల్ తీశాక మూతి తెరుచుకునే ఉండాలి.

బెల్టు కూడా ఇందులో భాగమే. ఆఫీసుకు కట్టుకునే పల్చటి బెల్టు బరువుకు మెలిపడి, పిడి బయటికి వాలుతుంది. ఒకటిన్నర అంగుళాల వెడల్పుండి మెలి తిరగని బెల్టు కావాలి. క్లిప్ మరలు వదులవుతూ ఉంటాయి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) చుక్క వేసి బిగించండి, నెలకోసారి చూసుకోండి.

పొట్ట ముందుభాగంలో పెట్టుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ గొట్టం తొడలోని పెద్ద రక్తనాళం వైపు చూస్తూ ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు చొక్కా పూర్తిగా పైకెత్తి, నడుము ముందుకు తోసి, కళ్లతో చూస్తూ నెమ్మదిగా దించండి. తియ్యడంలో తొందర అవసరపడొచ్చేమో గానీ, పెట్టడంలో ఎన్నడూ ఉండదు. మరుగుదొడ్డిలో పిస్టల్‌ను తీసి కొక్కేనికి తగిలించడం, ట్యాంకు మూత మీద పెట్టడం అసలే వద్దు. మర్చిపోయి వచ్చేసేది అక్కడే.

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ): హెచ్1బీ మీద ఉన్నాను. పిస్టల్ కొనొచ్చా? కనీసం రేంజిలో కాల్చొచ్చా?

జవాబు: వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. రేంజిలో అద్దె తుపాకీ పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక మినహాయింపుంది. కానీ దాని మీద ఆధారపడే ముందు ఇమిగ్రేషన్ వకీలును అడగండి. 2022 నుంచి ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు, పైగా వీసా పోతుంది. గ్రీన్‌కార్డు వచ్చాక కొనొచ్చు. ఇంట్లో ఒకరు పౌరులై, మరొకరు హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబసభ్యుల వీసా) మీద ఉంటే, రెండోవారికి అందని తాళంలోనే తుపాకీ ఉండాలి.

ప్రశ్న (హ్యూస్టన్): నాకు మణికట్లలో బలం తక్కువ. స్లైడ్ లాగలేకపోతున్నాను. రివాల్వర్ తీసుకోమన్నారు. రోజూ కుర్తీలే వేసుకుంటాను కనుక హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుందామని ఉంది.

జవాబు: ఆడవాళ్లకు బుల్లి రివాల్వర్ అంటగట్టడం దుకాణాల్లో పాత అలవాటు. ఇది మాకు నచ్చదు. స్మిత్ అండ్ వెసన్ 642 బరువు సుమారు 410 గ్రాములే, అయిదే తూటాలు, ట్రిగ్గర్ నొక్కడానికి మాత్రం పిస్టల్‌కు కావలసినదానికి దాదాపు రెట్టింపు బలం కావాలి. చేతిలో బలం తక్కువని చెప్పినవారికి ఇది పరిష్కారమెలా అవుతుంది?

ముందు స్లైడ్ లాగే పద్ధతి మార్చండి. పిస్టల్‌ను రొమ్ము దగ్గరగా, గొట్టం సురక్షితమైన దిక్కుకు ఉంచి, ఎడమ అరచేత్తో స్లైడ్‌ను పైనుంచి గట్టిగా పట్టుకోండి. అప్పుడు స్లైడ్‌ను లాగడం కాదు, కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యండి. చూపుడు వేలు ట్రిగ్గర్‌కు దూరంగా చాచి ఉండాలి. అప్పటికీ రాకపోతే అదే సంస్థ షీల్డ్ ఈజెడ్ .380 పట్టి చూడండి. స్లైడ్ తేలిగ్గా కదిలేలా చేసిందే అది.

హ్యాండ్‌బ్యాగు చివరి మార్గం. బ్యాగు లాక్కుపోతే పిస్టల్ కూడా పోయినట్టే. కుర్చీ పక్కన పెడితే పిల్లల చెయ్యి వెళ్లేది దానిలోకే. కుర్తీ కింద నడుము పట్టీ నయం, కాకపోతే అందులో ట్రిగ్గర్‌ను కప్పే గట్టి కైడెక్స్ తొడుగు ఉండి తీరాలి. బ్యాగే తప్పదనుకుంటే విడి అర, అందులో హోల్‌స్టర్, ఆ అరలో తాళంచెవి కూడా వెయ్యొద్దు. టెక్సస్‌లో నిర్లక్ష్యంగా ఉంచిన నిండిన తుపాకీ 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందితే అది నేరం. ఇంటికి రాగానే తాళమున్న పెట్టెలోకి వెళ్లాలి.

ప్రశ్న (అనంతపురం): నాకు .32 రివాల్వర్ లైసెన్సుంది. నడుముకు దోపుకుని బైకు మీద తిరుగుతుంటాను. అమెరికావాళ్లలా 9 ఎంఎం ఇక్కడ దొరకదా?

జవాబు: దొరకదు. మన చట్టంలో 9 ఎంఎం, .38 నిషిద్ధ బోర్లు (గొట్టం లోపలి కొలతలు). అందుకే పౌరులకు .32 వచ్చింది. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వర్లు, అరకిలో బరువుండే నిర్భీక్, ఈషాపూర్ అశని పిస్టల్ ఈ కోవలోవే. తూటా కొనేటప్పుడు జాగ్రత్త. రివాల్వర్‌కు పడేది .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, అశనికి పడేది 7.65 ఎంఎం. రెండింటినీ ‘పాయింట్ ముప్పై రెండు’ అనే అడుగుతారు. రెండోదాని ఒత్తిడి ఎక్కువ కనుక, రివాల్వర్‌లో పట్టినా వాడకూడదు.

దోపుకోవడం ఈరోజే మానండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ స్థలంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనే, కప్పి, మీ అదుపులోనే ఉండాలి. బైకు గుంతలో పడితే జారేది సరే, తీసేటప్పుడు హామర్ (తూటాను పేల్చే వెనకటి సుత్తి) చొక్కాకు తగులుకుంటుంది. మీ రివాల్వర్‌ను చర్మకారుడికి చూపించి, దాని కొలతకే మందపాటి తోలుతో ట్రిగ్గర్ గార్డు మొత్తం కప్పేలా, పైన బటన్ పట్టీతో కుట్టించుకోండి.  హామర్‌ను అడ్డుకునే భాగం లేని పాత మోడలైతే, హామర్ కింది గది ఖాళీగా వదిలి అయిదే నింపాలి. మీది ఏ రకమో డీలరు చూసి చెబుతారు.

మన ఎండలకు చెమట తోలులో ఇంకి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. రాత్రి హోల్‌స్టర్‌లోంచి తీసి, పొడిగుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాసి, తాళం వేసి ఉంచండి. లైసెన్సు జిల్లాకా, రాష్ట్రానికా, దేశమంతటికా అన్నది చూడకుండా పొరుగునున్న బళ్లారికి తీసుకెళ్లొద్దు. ఎన్నికలప్పుడు అప్పగించమని ఉత్తర్వు వస్తే అప్పగించి రసీదు తీసుకోండి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాల్చడానికి 2019 సవరణ తర్వాత రెండేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా దాకా ఉంది.

ప్రశ్న (ఫీనిక్స్): రోజూ రాత్రి ఛాంబర్‌లోని తూటా తీసి పొద్దున మళ్లీ అదే ఎక్కిస్తున్నాను. ఏమైనా నష్టమా?

జవాబు: నష్టమే. ఎక్కించిన ప్రతిసారీ గుండు ముక్కు ఛాంబర్ మొదట్లోని వాలుకు (ర్యాంపు) కొట్టుకుని కొంచెం కొంచెంగా తొడుగులోకి దిగిపోతుంది. లోపలి జాగా తగ్గి, పేలినప్పుడు ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు పోల్చండి. పొట్టిగా కనిపిస్తే దాన్ని కాల్చొద్దు, రేంజిలో ఇచ్చెయ్యండి. అసలు రోజూ తీసే పని పెట్టుకోకుండా, నిండిన పిస్టల్‌ను హోల్‌స్టర్‌తో సహా బెల్టు నుంచి విప్పి తాళంపెట్టెలో ఉంచండి.