పాటకు ప్రేరణా? స్ఫూర్తా?

సందేహం: మా దగ్గర జరిగిన ఒక సభలో ఒక గాయకుడు తానే రాసి, తానే బాణీ కట్టిన పాట పాడాడు. వాళ్లమ్మ నాట్లేస్తూ పాడిన పాటలు వింటూ పెరిగాడట. ఆమె పోయాక ఈ పాట కట్టాడట. ‘ఈ పాటకు ప్రేరణ మా అమ్మ’ అన్నాడు. అధ్యక్షులవారు మధ్యలో అందుకొని ‘ప్రేరణ కాదు, స్ఫూర్తి అనాలి’ అని దిద్దారు. ఏది సరైనది? ఆ గాయకుణ్ని వాగ్గేయకారుడు అనవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: తల్లిని తలచుకుంటున్న మనిషిని నలుగురిలో ఆపి మాట దిద్దడం మర్యాద కాదు. సభ అయ్యాక చెప్పి ఉండవలసింది. పైగా ఆ దిద్దుబాటు అంత నిక్కచ్చిదేమీ కాదు.

స్ఫూర్తికి మూలం ‘స్ఫుర్’ ధాతువు. అదరడం, మెరవడం దాని అర్థాలు. కన్ను అదిరితే నేత్రస్ఫురణం అంటారు. మనసులో ఏదైనా తళుక్కుమంటే స్ఫురించింది అంటాం. తెలుగులో తోచింది, తట్టింది.

ప్రేరణ సంగతి వేరు. దాని మూలం ‘ఈర్’, అంటే కదిలించడం. ‘ప్ర’ చేరితే ప్రేరణ, ‘సమ్’ చేరితే సమీరం. సమీరమంటే గాలి. ఆకును గాలి కదిలించినట్టు, ప్రేరణ అన్నచోట కదిలించేవారు ఒకరు ఉండాలి. వ్యాకరణంలో ‘ఇంచు’ చేరిన ‘చేయించు’, ‘చూపించు’ వంటివాటిని ప్రేరణార్థకాలు అనడం ఇందుకే.

ఆ ‘ఇంచు’ సత్తా ఏమిటో తెలియాలంటే పోతన ఊరు బమ్మెరకు పోవాలి. ఇప్పుడది జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది, మొన్నటిదాకా మన వరంగల్ జిల్లానే. పోతన తన భాగవతం ఎలా మొదలైందో తానే చెప్పుకున్నాడు. ఒక పున్నమి రాత్రి చంద్రగ్రహణం. గంగలో స్నానం చేసి, ఇసుకతిన్నె మీద కళ్లు సగం మూసుకొని శివధ్యానంలో ఉన్నాడు. ఎదుట రాముడు కనిపించి, నా పేర భాగవతం తెనుగు చెయ్యి, నీ భవబంధాలు తెగుతాయి అని చెప్పి మాయమయ్యాడు. ఆ తర్వాత వచ్చేదే ఈ కందం:

‘పలికెడిది భాగవతమట
పలికించెడివాడు రామభద్రుండట నే
పలికిన భవహరమగునట
పలికెద వేరొండు గాథ పలుకగనేలా’

నాలుగు పాదాల్లో ‘పలుకు’ 5 సార్లు వచ్చింది. అందులో ‘ఇంచు’ చేరింది ఒక్కదానికే, దాన్ని రాముడికి ఇచ్చేశాడు. ‘అట’ 3 సార్లు వచ్చింది. ఏం పలకాలి, ఎవరు పలికిస్తారు, పలికితే ఏమవుతుంది అన్నవి మూడూ రాముడి నోట విన్నవి కనుక మూడింటికీ ‘అట’ పెట్టాడు. నాలుగో పాదానికి వచ్చేసరికి ‘పలికెద’ అన్నాడు. అక్కడ ‘అట’ లేదు. ఆ నిర్ణయం పోతనది, ఆ బాధ్యతా పోతనదే. కవికి బయటి నుంచి అందేది ఎంత, తానై పూనుకొనేది ఎంత అన్నది ఇంత తేటగా చెప్పిన పద్యం తెలుగులో నాకు ఇంకొకటి కనపడలేదు. బళ్లో దీన్ని బట్టీ పట్టించి వదిలేస్తున్నారు, ఆ ‘అట’ దగ్గర ఆగి పిల్లలతో ఒక్క మాటా మాట్లాడరు. అదే నా బాధ.

ఇక మీ ప్రశ్న. ఆ తల్లి ‘బిడ్డా, పాట కట్టు’ అన్నట్టు మీ ఉత్తరంలో లేదు. కాబట్టి గట్టిగా పట్టుకుంటే స్ఫూర్తి నప్పుతుంది. కానీ ఆమె గొంతు చెవుల్లో మెదిలి కొడుకు చేత పాట కట్టించింది అనుకుంటే అక్కడ ‘ఇంచు’ ఉంది, ప్రేరణా ఒప్పే. ఏ కూలి మాట, ఏ నాటు పాట అతన్ని కదిలించిందో చెప్పవలసినవాడు అతనే. అధ్యక్షులవారి కంటే నేను అతని మాటకే మొగ్గుతాను.

ఈ రెంటితో కలపకూడని మాట సందర్భం. రామదాసు కీర్తనలు కొన్నింటికి గోలకొండ చెర సందర్భం. రాముడు ప్రేరణ. ‘నేపథ్యం’ నాటకంలో తెర వెనుక చోటు, దాన్ని ప్రతి పాటకూ తగిలించనక్కరలేదు.

‘వ్యక్తిగత ప్రేరణ’, ‘పాట వెనుక ఉన్న ప్రేరణ’, ‘ఇన్‌స్పైర్ అయి రాశాను’ అని పేపర్లలో, టీవీల్లో వస్తున్నవి చూస్తే కష్టంగా ఉంటుంది. ‘అమ్మ యాదికొచ్చి పాట కట్టిన’ అంటే మన దగ్గర అర్థం కానివారు ఎవరు? అలాగే రాయండి, తప్పు పట్టేవాళ్లుంటే నాకు చెప్పండి.

వాగ్గేయకారుడు అనవచ్చు. 13వ శతాబ్దపు సంగీతశాస్త్ర గ్రంథం సంగీత రత్నాకరం పాటలోని మాటను ‘మాతువు’ అని, బాణీని ‘ధాతువు’ అని చెప్పి, రెండూ కూర్చేవాణ్ని ఆ పేరుతో పిలిచింది. శాస్త్రీయ సంగీతం వచ్చి తీరాలని పట్టుబట్టేవారూ ఉన్నారు, వారితో నాకు పూర్తిగా పొసగదు. అయితే ‘వాగ్యేయకారుడు’ అని మాత్రం రాయకండి. అందులో ఉన్నది గేయం.