రాత్రి డ్యూటీ వాళ్లని అడిగావా?

బుజ్జీ,

నువ్వు పంపిన గూగుల్ ఫారం నిన్న రాత్రి కూర్చుని మొత్తం చదివాను. 26 ప్రశ్నలు, అన్నిటి పక్కనా జవాబు తప్పనిసరి అనే ఎర్ర నక్షత్రం గుర్తు. మందుల షాపుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి స్టేక్‌హోల్డర్లందరి, అంటే దానితో పని ఉన్నవాళ్లందరి, ఫీడ్‌బ్యాక్ తీసుకోమన్నారని, సోమవారమే పంపేస్తానని రాశావు. ఇంకో నాలుగు రోజులు ఆగు తల్లీ. ఎందుకు ఆగమంటున్నానో చెప్తాను.

చాలా ఏళ్ల కిందట ఒక ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్‌కి సాఫ్ట్‌వేర్ చేశాం. నేనూ నీలాగే ఫారం తయారుచేసి 40 మందికి పంపాను. 31 మంది నింపారు, దాదాపు అందరూ 5కి 4, 5 మార్కులే వేశారు. సంతోషంగా గో-లైవ్ చేశాం, అంటే కౌంటర్‌లో వాడకంలోకి తెచ్చాం. మొదటి రాత్రే ఒంటిగంటకి ఫోన్. వెళ్లేసరికి కౌంటర్ ముందు జనం బారులు తీరి ఉన్నారు. లోపల కూర్చున్న అమ్మాయి కీబోర్డు పక్కన రూళ్ల నోటుబుక్కు పెట్టుకుని రాసుకుంటోంది. ఒకే పేషెంటు పేరు కింద మూడు లైన్లు: కొడుకు 3,000, బావమరిది 5,000, పక్కింటాయన 2,000. అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు తలా కొంత వేసుకుని అడ్వాన్సు కడతారు. రేప్పొద్దున ఎవరి డబ్బు వాళ్లకి తిరిగివ్వాలి. మా స్క్రీన్‌లో కట్టినవారి పేరుకి ఒకే గడి ఉంది. పగలు ఎక్కువగా ముందే అనుకుని వచ్చే ఆపరేషన్లు, ఇన్సూరెన్సు కేసులు కాబట్టి ఆ డ్యూటీ వాళ్లకి ఈ అవసరం తట్టలేదు.

"మమ్మల్నెవరూ అడగలేదు మేడమ్" అంది ఆ అమ్మాయి.

మర్నాడు జవాబుల షీట్ తెరిచి చూశాను. మొదటి కాలమ్‌లో టైమ్‌స్టాంపులన్నీ పొద్దున 10కీ సాయంత్రం 5కీ మధ్యవే. మూడు వారాలు అది నా కళ్ల ముందే ఉంది. నేను మార్కుల సగటు చూసుకుంటూ కూర్చున్నాను. ఆ అమ్మాయి ముందు నిలబడ్డ జనం ఇప్పటికీ గుర్తొస్తారు.

అందుకే ముందు ఒక కాగితం మీద ఎవరెవరు, ఏ వేళలో, ఈ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుంటారో రాసుకో. నీ జాబితాలో యజమాని, ఏరియా మేనేజరు, ఫార్మసిస్టు, కౌంటర్ కుర్రాళ్లు, జీఎస్టీ లెక్కలు చూసే అకౌంటెంటు ఉన్నారు. డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చిన సరుకు దించుకుని బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు ఎక్కించే మనిషి లేడు. అతను ఒక్క తేదీ తప్పు కొడితే దాని మీద ఎన్ని బిల్లులు నడుస్తాయో ఆలోచించు.

26 ప్రశ్నలు అందరికీ వద్దు. మొదటి ప్రశ్నగా "మీరు చేసే పని ఏమిటి?" అని అడిగి, జవాబును బట్టి వేరే సెక్షన్‌కి వెళ్లేలా పెట్టు, ఆ సెట్టింగ్ ఫారంలోనే ఉంది. ఒక్కొక్కరికి ఆరేడు ప్రశ్నలు చాలు. కౌంటర్ వాళ్ల సెక్షన్ తెలుగులో రాయి. టైపు చెయ్యడం కష్టమైతే ఫోన్ కీబోర్డులో మైక్ నొక్కి మాట్లాడమని చెప్పు.

"కొత్త స్క్రీన్ నచ్చిందా?" అనే ప్రశ్న తీసెయ్. పై నుంచి వచ్చినదాన్ని నచ్చలేదని ఎవరూ రాయరు. "నిన్న బిల్లు కొడుతూ ఎక్కడ ఆగిపోయారు? అప్పుడేం చేశారు?" అని అడుగు. "కంప్యూటర్‌లో చోటు లేక చేత్తో ఏమేం రాసుకుంటున్నారు?" ఈ ప్రశ్నని ఆ రాత్రి తర్వాత నేను ఏ ఫారంలోనూ వదల్లేదు.

మార్కులు కూడా కావాలని మీ మేనేజరు అడిగితే సొంతంగా కల్పించకు. వాడటం ఎంత సులువో కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన సిస్టమ్ యూజబిలిటీ స్కేల్ ఉంది, పది వాక్యాలు. ఒక్కోదానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) దాకా మార్కు వెయ్యాలి. ఒకటి మెచ్చుకునేది, దాని తర్వాతది తప్పుపట్టేది, అలా మార్చి మార్చి వస్తాయి. బేసి వాక్యాల మార్కులోంచి 1 తీసెయ్యాలి, సరి వాక్యాల మార్కుని 5లోంచి తీసెయ్యాలి, మొత్తాన్ని 2.5తో గుణించాలి. చదవకుండా అన్నిటికీ 5 కొట్టుకుపోయినవాళ్ల స్కోరు సరిగ్గా 50 వస్తుంది. వచ్చిన అంకె 0 నుంచి 100 మధ్య ఉన్నా, దాన్ని శాతం అని మాత్రం రిపోర్టులో రాయకు. మామూలుగా సాఫ్ట్‌వేర్‌లకి వచ్చే సగటు 68 దగ్గర ఉంటుందని లెక్క, దాంతో పోల్చి చూడు.

ఈమెయిల్ సేకరించే సెట్టింగ్ ఆన్‌లో ఉంచావు. కుర్రాళ్లు భయపడతారు, ఆపెయ్. ఆపినా బ్రాంచి పేరు, చేసే పని రెండూ అడిగితే, ఒకే ఫార్మసిస్టు ఉన్న షాపులో అది ఎవరి జవాబో ఇట్టే తెలిసిపోతుంది. పేరు బయటపడదని మాటిచ్చేట్టయితే ఆ రెండిట్లో ఒకటి తీసెయ్యి.

ఇక జవాబులు వచ్చాక. జిరాలో (చెయ్యాల్సిన మార్పులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్) టికెట్ రాసేటప్పుడు వాళ్ల మాటలు వాళ్లవిగానే ఉంచు, నీ భాషలోకి మార్చకు. పది రోజుల్లోగా వాళ్లుండే వాట్సాప్ గ్రూపులో, ఏవి మారుస్తున్నారో, ఏవి ఇప్పుడు కుదరవో, ఎందుకో పెట్టు. ఆ ఆసుపత్రిలో కట్టినవారి పేర్లు ఎన్నైనా ఎక్కించేలా మార్చి, ఆ సంగతి రాత్రి డ్యూటీ వాళ్లకే ముందు చెప్పాను. తర్వాతి ఫారానికి మొదటి జవాబు తెల్లవారుజామున 2:40కి వచ్చింది.

రేపు ఏదైనా బ్రాంచికి వెళ్లి సరుకు దించే అతన్ని కలువు. ఫారం అతని చేత నీ ఎదుటే నింపించి, ఎక్కడ తడుముకుంటున్నాడో చూడు. ఆ తర్వాత ఫోన్ చెయ్యి, శనివారం సాయంత్రం నేను ఖాళీయే.

మీ పెద్దమ్మ