రబ్బీని పూజారి అనవచ్చునా?

సందేహం: ఒక ఆంగ్ల కథను తెలుగులోకి తెస్తున్నాను. అందులో యూదుల పెండ్లి ఒకటి వస్తుంది. "యూదుల గుడిలో పూజారి మంత్రాలు చదివి వారికి పెండ్లి చేశాడు" అని రాసుకున్నాను. చదివిన మిత్రుడొకరు పూజారి కాదు, 'రబ్బాయి' అనాలన్నారు. మా ఇంటి తెలుగు బైబిల్లో 'రబ్బీ' అనీ 'బోధకుడు' అనీ ఉంది. పత్రికలవారు 'యూదు మతగురువు' అంటున్నారు. వీటిలో ఏది సరైనది? బహువచనం ఎలా? స్త్రీ అయితే ఏమనాలి? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: పూజారి అన్న మాట ఇక్కడ పొసగదు. పూజ ఉన్నచోట పూజారి ఉంటాడు. యూదుల ప్రార్థనామందిరంలో విగ్రహం లేదు, నైవేద్యం లేదు, హారతి లేదు, కనుక ఆ పనులు చేసే మనిషీ లేడు. అర్చకుడు అన్నా ఇదే చిక్కు. నిజానికి మీ వాక్యంలోని దోషం మాటలో కంటే దాని వెనుక ఉన్న ఊహలో ఉంది. ప్రతి మతానికీ ఒక గుడి ఉంటుందనీ, ఆ గుడిలో దేవుడికీ భక్తుడికీ నడుమ ఒకరు నిలబడతారనీ, ఆ ఒకరికే ఒక్కో మతం ఒక్కో పేరు పెట్టుకున్నదనీ మనం తెలియకుండానే అనుకుంటాము. రబ్బీ అలా నడుమ నిలబడేవాడు కాడు. ఆయన చదువుకున్నవాడు, అడిగినదానికి శాస్త్రం చూసి సమాధానం చెప్పేవాడు.

హీబ్రూలో 'రవ్' అంటే పెద్ద, అధికుడు, యజమాని అని అర్థాలు. ప్రత్యయం చేరినప్పుడు అందులోని వకారం బకారంగా వినిపిస్తుంది. 'రబ్బీ'లో చివర ఉన్న ఈకారం 'నా' అనే అర్థమిచ్చే ప్రత్యయం. కనుక అక్షరార్థం 'నా స్వామీ' అని. మన మర్యాదలో చెప్పాలంటే 'మా గురువుగారూ' అని. సంస్కృతంలో 'గురు' శబ్దానికి బరువైన అన్నది మొదటి అర్థం కాగా, దాని మీదనే బోధించే పెద్ద అన్న అర్థం నిలబడింది. రెండు భాషలూ ఒకే దారిన నడిచాయన్నమాట. మొదట శిష్యులు పిలిచే పిలుపుగా ఉన్నది క్రమంగా బిరుదయింది. 'మా స్వామి' అనే అర్థంలో 'రబ్బన్' అన్న మరింత గొప్ప బిరుదు కూడా ఉండేది. దానిని పొందిన గమలీయేలు అనే యూదు పండితుణ్ణి తెలుగు బైబిలు 'ధర్మశాస్త్రోపదేశకుడు' అంటుంది. మాట పొడవైనదే గాని, రబ్బీ పనిని ఇంత సూటిగా పట్టిన తెలుగు మాట మరొకటి నాకు కనబడలేదు.

అదే బైబిలులో 'యాజకుడు' అన్న మాట కూడా ఉంది. అది 'కోహెన్' అనే హీబ్రూ మాటకు అనువాదం. యెరూషలేము దేవాలయంలో బలులు అర్పించడం యాజకుల పని. ఆ హోదా మొదటి యాజకుడైన అహరోను వంశంలో తండ్రినుంచి కొడుక్కు వస్తుంది, చదువుతో రాదు. క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చివేయడంతో బలులు ఆగిపోయాయి, యాజకులకు పని లేకపోయింది. ఆ సమయంలో యోహానాన్ బెన్ జక్కాయ్ అనే పండితుడు యవ్నే అనే ఊళ్ళో విద్వాంసులను కూడగట్టాడు. బలిపీఠం లేకున్నా ధర్మశాస్త్రాన్ని చదువుకుంటూ, ఆచరిస్తూ సమాజం నిలబడగలదని ఆ తరం తేల్చింది. రబ్బీల ప్రాధాన్యం అక్కడినుంచి పెరిగింది. ఇప్పటికీ కోహెనులు ఉన్నారు. యూదుల ధర్మశాస్త్రగ్రంథమైన తోరా పఠనానికి మొదటి పిలుపు వారికే అందుతుంది, సమాజాన్ని దీవించే హక్కు వారిదే, శ్మశానానికి వెళ్ళకూడదన్న నియమమూ వారికి ఉంది. ఒక రబ్బీ కోహెన్ కావచ్చు, కాకపోవచ్చు. అందువల్ల రబ్బీని యాజకుడు అన్నా, యూదు పురోహితుడు అన్నా, రెండు వేల ఏళ్ళ నాటి ఆ మార్పు మొత్తం ఒక్క మాటలో చెరిగిపోతుంది.

రబ్బీ చేసే పని ఎలాంటిదో తెలియడానికి ఒక వంటింటి సంగతి చెబుతాను. శుక్రవారం మధ్యాహ్నం, సూర్యాస్తమయంతో విశ్రాంతిదినం మొదలుకావలసి ఉంది. ఒక ఇల్లాలు కోడిని శుభ్రం చేస్తుంటే కందనకాయలో సూది కనబడింది. ఆ కోడిని వండవచ్చునా? ఆమె కందనకాయను గిన్నెలో పెట్టుకొని రబ్బీ ఇంటికి వెళుతుంది. ఆయన మంత్రం చదవడు. దానిని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తాడు. కందనకాయకు లోపల ఒక పొర, బయట కండ ఉంటాయి. సూది ఆ రెంటినీ దాటి చిల్లు పొడిచిందా, ఒకదానితోనే ఆగిందా అన్నది ప్రశ్న. రెండూ తెగితే ఆ కోడి నిషిద్ధం, ఒకటే తెగితే దోషం లేదు. ఇది రబ్బీల తొలి ధర్మసంపుటి అయిన మిష్నా కాలంనుంచి ఉన్న నిర్ణయం. మాంసమూ పాలూ కలవరాదు కనుక, మాంసం కుండలో పొరపాటున పాలచుక్క పడితే మరొక లెక్క ఉంది: కుండలోని పదార్థం ఆ చుక్కకు అరవై రెట్లుంటే చుక్క లేనట్టే. శాస్త్రం ఇంత ఖచ్చితంగా ఉన్నా, దానిని అన్వయించేటప్పుడు మనిషిని చూడాలన్న నియమమూ అందులోనే ఉంది. పండితులలో భేదాభిప్రాయం ఉన్న చోట, నష్టం పెద్దదైనా, అడిగినవారు పేదలైనా, విశ్రాంతిదినానికి వేరే భోజనం లేకున్నా, అనుమతించే పక్షాన్ని ఆశ్రయించవచ్చునని క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సర్లెస్ 16వ శతాబ్దంలో స్పష్టం చేశాడు. యోసేఫ్ కారో రచించి 1565లో వెనిస్‌లో అచ్చయిన 'షుల్‌ఖాన్ ఆరూఖ్' అనే ధర్మసంగ్రహానికి ఆయన చేర్చిన వివరణలు నేటికీ ప్రమాణాలు.

ఊళ్ళో రబ్బీ తేల్చలేని సమస్య వస్తే దూరాన ఉన్న పెద్ద పండితుడికి ఉత్తరం రాసేవారు, ఆయన సమాధానం రాసి పంపేవాడు. అలా పోగుపడిన వాఙ్మయాన్ని 'ప్రశ్నలు, సమాధానాలు' అనే అర్థం వచ్చే హీబ్రూ పేరుతోనే పిలుస్తారు. ఈ శీర్షికకు అది పెద్దన్న అనుకోవచ్చు. మన దేశంనుంచి కూడా అలాంటి ప్రశ్న వెళ్ళింది. కొచ్చి యూదులలో కొందరు తామే కులీనులమని తక్కినవారితో వియ్యమందడానికి ఒప్పుకోలేదు. ఆ తగవు 16వ శతాబ్దంలో కైరోలో ఉన్న దావీద్ ఇబ్న్ జిమ్రా వద్దకు చేరగా, శాస్త్రోక్తమైన స్నానవిధి జరిగితే వారితో వివాహసంబంధానికి అడ్డు లేదన్న పక్షాన్నే ఆయన సమర్థించాడు. అంత దూరం ప్రశ్న పంపడానికి కారణం, కొచ్చి యూదులకు సంప్రదాయంగా తమ సొంత రబ్బీలు లేకపోవడం. సమాజంలోని పెద్దలే ప్రార్థన నడిపేవారు. కొంకణ తీరంలోని బెనే ఇస్రాయేలు యూదులు తమ పెద్దను 'కాజీ' అని పిలుచుకున్నారు. కాజీ అంటే తీర్పరి. ఇరుగుపొరుగు భాషలో తమ పెద్దకు పేరు వెతుక్కున్నప్పుడు వారికి తీర్పు చెప్పేవాడి పేరే తట్టిందన్న సంగతి మీరు గమనించాలి.

కొచ్చిలో రబ్బీ లేకుండా వందల ఏళ్ళు ప్రార్థన ఎలా జరిగిందన్న అనుమానం రావచ్చు. సామూహిక ప్రార్థనకు కావలసింది పదిమంది వయోజనులు. సంప్రదాయవాదుల లెక్కలో వారు పురుషులై ఉండాలి. ఆ పదిమందిలో చదవడం వచ్చినవారు ఎవరైనా ముందు నిలబడవచ్చు. రాగయుక్తంగా ప్రార్థన నడిపేందుకు ప్రత్యేకంగా ఒకరుంటే ఆయన 'హజ్జాన్'. సున్తీ చేసేవాడు, శాస్త్రోక్తంగా జంతువును కోసేవాడు, తోరాను చర్మపత్రం మీద రాసే లేఖకుడు, వీరందరూ వేరు వేరు. మనం వీరినందరినీ కలిపి ఒక పంతులుగారిని చేసేస్తున్నాము.

ఇక అర్హత సంగతి. బైబిలులో మోషే ప్రవక్త తన తరవాతి నాయకుడైన యెహోషువ మీద చేయి ఉంచి అధికారం అప్పగించినట్టు, పూర్వం గురువు శిష్యుడికి అధికారం ఇచ్చేవాడు. దానిని 'సెమిఖా' అంటారు. అది పాలస్తీనాలో మాత్రమే ఇవ్వదగినది కనుక, బాబిలోనియా పండితులు ఎంత గొప్పవారైనా వారికి 'రవ్' అన్న బిరుదే గాని 'రబ్బీ' లేదు. ఆ పాత పరంపర తెగిపోయింది. 1538లో గలిలయలోని సఫెద్ పట్టణంలో యాకోబ్ బేరాబ్ అనే పండితుడు దానిని తిరిగి నెలకొల్పబోతే యెరూషలేము పండితులు ఒప్పుకోలేదు. నేడు అదే పేరుతో ఇచ్చేది శాస్త్రనిర్ణయం చెప్పడానికి అనుమతి. అందులోని సంప్రదాయవాక్యం కూడా ప్రశ్నోత్తరమే: "నిర్ణయం చెప్పవచ్చునా? చెప్పవచ్చును." ఆస్తి తగవులు తీర్చడానికి "తీర్పు ఇవ్వవచ్చునా? ఇవ్వవచ్చును" అన్న మరో మెట్టు ఉంది. అలాంటివారు ముగ్గురు కూర్చుంటే అది 'బేత్ దీన్', అంటే ధర్మాసనం. దీనికి 'గురుపట్టాభిషేకం' అన్న మాట వాడరాదు. మన కతోలికులు తమ గురువుల అభిషేకానికి దానిని స్థిరపరచుకున్నారు, అందులో అభిషేకం ఉంది, ఇందులో లేదు. 'రబ్బీ పట్టా' అంటే చాలు.

ఈ పట్టా బతుకుతెరువు కాకూడదన్న పట్టుదల చాలాకాలం ఉండేది. తోరాను తవ్వుకునే పారగా చేసుకోవద్దని పూర్వులు హెచ్చరించారు. ఈజిప్టులో స్థిరపడిన యూదు పండితుడు మైమోనిదీస్ (1138-1204) ఈ విషయంలో అందరికంటే కఠినుడు. హిందూ మహాసముద్రంలో వ్యాపారం చేస్తూ తనను పోషించిన తమ్ముడు ఓడ మునిగి చనిపోయాక, ఆయన వైద్యం చేసి బతికాడే గాని శాస్త్రం చెప్పి డబ్బు తీసుకోలేదు. తరవాతి కాలంలో, వేరే పని చేసుకునే సమయం పోయినందుకు పరిహారం అనే పేరుతో జీతం వచ్చింది. ఆధునిక కాలంలో ఐరోపా, అమెరికాలలో ప్రతివారం ప్రసంగించడం, రోగులను పరామర్శించడం, పెండ్లిళ్ళలో అంత్యక్రియలలో ముందు నిలబడడం రబ్బీ పనుల్లో చేరాయి. పూర్వం ఏడాదికి రెండు సార్లు, పస్కా పండుగకు ముందూ ప్రాయశ్చిత్తదినానికి ముందూ, పెద్ద ప్రసంగం చేస్తే సరిపోయేది. 'పురోహితుడు' అన్న మాటకు ఏమైనా ఆధారం ఉంటే ఈ ఆధునిక రూపంలోనే ఉంది. అది కూడా అరకొర ఆధారమే.

మిగిలిన మాటలు చూద్దాం. 'బోధకుడు' యేసు కాలపు సందర్భానికి సరిపోతుంది, ఎందుకంటే అప్పటికి రబ్బీ పదవి కాదు, మర్యాదగా పిలిచే పిలుపు. ఈనాటి తెలుగులో మాత్రం ఆ మాటకు సువార్త ప్రసంగీకుడన్న వాసన అంటింది. 'మతగురువు' పత్రికల తొందరలో క్షమించదగ్గదే. అయితే పోప్‌నూ పీఠాధిపతినీ రబ్బీనీ ఒకే గాటన కడుతుంది. 'ఆచార్యుడు' నాకు ఎంతో ఇష్టమైన మాట. శాస్త్రార్థాలను ఏర్చి కూర్చి, ఇతరులను ఆచారంలో నిలిపి, తానూ ఆచరించేవాడు ఆచార్యుడని పెద్దలు చెప్పిన నిర్వచనం రబ్బీకి అచ్చంగా అమరుతుంది. కాని విశ్వవిద్యాలయాలు దానిని ఉద్యోగం పేరు చేశాయి, కథలో వాడితే పాఠకుడు ప్రొఫెసర్ అనుకుంటాడు. తెలుగులో ఇప్పటికే ఉన్న మాటల్లో పనినిబట్టి అన్నిటికన్నా దగ్గరిది 'ముఫ్తీ', అంటే అడిగినదానికి ముస్లిం ధర్మశాస్త్రం చూసి నిర్ణయం చెప్పే పండితుడు. కాని ఆ మాట ఇస్లాంకు చెందినది, ఎరువు తేలేము. కనుక 'రబ్బీ' అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు 'యూదు ధర్మశాస్త్ర పండితుడు' అని వాక్యంలోనే కలిపి చెప్పండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగే మాతృభాషగా యూదు ఆచారాలు పాటించే బెనే ఎఫ్రాయీం సమాజం ఉంది; వారిని గురించి రాసేవారికీ ఈ జాగ్రత్త అవసరమే.

రూపం విషయానికి వస్తే, 'రబ్బాయి' ఆంగ్ల ఉచ్చారణకు నకలు, మనకు అక్కరలేదు. బైబిలులో సంబోధన 'రబ్బీ' అని దీర్ఘంతోనూ, పేరుగా చెప్పినప్పుడు 'రబ్బియను మాటకు' అని హ్రస్వంతోనూ కనిపిస్తుంది. అది తెలుగు నడకే. 'నదీ' మనకు 'నది' అయినట్టు, 'గౌరీ' 'గౌరి' అయినట్టు 'రబ్బి' అయింది. పిలిచేటప్పుడు 'స్వామీ' అన్నట్టు దీర్ఘం వచ్చింది. 'రబ్బి' తప్పు కాదు. కాని 'నది' బహువచనంలో 'నదులు' అయినట్టు అది 'రబ్బులు' కావలసి వస్తుంది, చెవికి బాగుండదు. 'కాజీలు', 'ముఫ్తీలు' వరుసలో 'రబ్బీ, రబ్బీలు, రబ్బీకి, రబ్బీల' అంటే ఏ తకరారూ లేదు. ద్విత్వాన్ని మాత్రం వదలకండి. 'రబీ' అని రాస్తే అది యాసంగి పంట అవుతుంది. వసంతం అనే అర్థం గల అరబ్బీ మాటనుంచి వచ్చిన ఆ 'రబీ'కి దీనితో చుట్టరికం లేదు.

స్త్రీ అయినా రబ్బీయే. 1935లో జర్మనీలో రెగీనా యోనాస్, 1972లో అమెరికాలో శాలీ ప్రీసాండ్ ఈ పట్టా పొందారు. సంప్రదాయవాదులలో అత్యధికులు దీనిని నేటికీ అంగీకరించరు. డాక్టరమ్మ, పంతులమ్మ వరుసలో 'రబ్బీయమ్మ' అని కట్టబోకండి, అది రబ్బీ భార్య అనిపించవచ్చు. ఆమెకు యిడ్డిష్‌లో 'రెబ్బెత్సిన్' అని వేరే పేరుంది. 'రబ్బీ వచ్చారు', 'రబ్బీ చెప్పారు' అని గౌరవ బహువచనం వాడితే లింగభేదం సమస్యే రాదు.

చివరగా మీ వాక్యం. 'గుడి' అన్నది కూడా మార్చాలి. బైబిలులో 'దేవాలయము' యెరూషలేములోని ఒక్కదానికే చెందిన మాట, తక్కినవి 'సమాజ మందిరములు'. హీబ్రూ మాటకు అర్థం కూడా సమావేశగృహమే కనుక ఆ అనువాదం చక్కనిది. 'పెండ్లి చేశాడు' అన్న క్రియ కూడా నిలవదు. శాస్త్రం ప్రకారం ఇద్దరు సాక్షుల ఎదుట వరుడు వధువుకు ఉంగరం ఇవ్వడంతో బంధం ఏర్పడుతుంది, అందులో కర్త వరుడే. కనుక ఇలా రాయండి: "సమాజ మందిరంలో పందిరి కింద వరుడు సాక్షుల ఎదుట వధువు చూపుడువేలికి ఉంగరం తొడిగాడు, రబ్బీ వివాహపత్రం చదివి వినిపించి, ఏడు దీవెనలు పలికారు."