బర్డ్ ఫ్లూ మహమ్మారిగా మారితే ఇంట్లో, ఆఫీసులో ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

ఇంట్లో రెండు వారాలు బయటికి వెళ్లకుండా గడిచేలా సరుకులు, రోజూ వేసుకునే మందులు, మాస్కులు ఉంచుకోవాలి; ఆఫీసులో అయితే జ్వరం వచ్చినవాళ్లు జీతం కోస్తారన్న భయం లేకుండా ఇంటిపట్టున ఉండే ఏర్పాటు చేయాలి.

ఎందుకంటే బర్డ్ ఫ్లూ తెచ్చే హెచ్5ఎన్1 వైరస్ ఇప్పటికైతే మనిషి నుంచి మనిషికి తేలిగ్గా అంటుకోదు. అలా తేలిగ్గా అంటుకునే గుణం దానికి వస్తే, కొత్త రకానికి సరిపడే టీకా తయారై మన దాకా రావడానికి నెలలు పడుతుంది. పైగా ఫ్లూ లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందే ఇతరులకు అంటుకోవచ్చు. అందుకే ఆ మొదటి నెలల్లో మనిషికి మనిషి దూరంగా ఉండగలగడమే అసలు రక్షణ.

ఐదుగురు పనిచేసే చిన్న ఆఫీసునే తీసుకోండి. జీతాలు వేసే బ్యాంకు లాగిన్, ఓటీపీ వచ్చే ఫోన్ రెండూ ఒక్క అకౌంటెంట్ దగ్గరే ఉంటాయి. ఆమె పది రోజులు మంచం పడితే ఎవరికీ జీతం పడదు. ఆ పని ఇంకొకరికి ఇప్పుడే నేర్పించాలి, దీనికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో బీపీ, షుగర్ మాత్రలూ అంతే, ఆఖరి స్ట్రిప్ దాకా ఆగొద్దు.

చికెన్ మానేస్తే చాలనుకోవడం పెద్ద అపోహ. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చనిపోయినప్పుడు చాలామంది అదే చేశారు. మాంసం లోపలిదాకా 70 డిగ్రీల వేడిలో ఉడికితే వైరస్ చస్తుంది. మహమ్మారిగా మారాక అది వచ్చేది పక్కవాళ్ల దగ్గు, తుమ్ముల నుంచే.